బెత్తెడు, జానెడు, చిటికెనవేలు

పొయ్యి కట్టడం బాగా వచ్చిన మనిషిని మొదటి మాటతోనే పోల్చుకోవచ్చు. గడప దాటి రాగానే "వదినా, రోజూ అన్నం వండే గిన్నె ఓసారి ఇటు తే" అంటుంది. తెచ్చిన గిన్నెను బోర్లించి అడుగు తడిమి చూస్తుంది. అంచు చుట్టూ జానతో కొలుస్తుంది. "కూరకు వాడేది కూడా తే" అంటుంది. మట్టి మాట ఆ తర్వాతే. పని అంతగా రాని వాళ్లు ముందు మట్టి తొక్కేస్తారు. పొయ్యి లేచాక దానికి నప్పే గిన్నె కోసం ఇల్లంతా వెతుక్కుంటారు.

గిన్నె ముందు, మట్టి తర్వాత అనే ఈ వరసలోనే పనితనమంతా ఉంది. మట్టిపొయ్యిలో అసలు పని చేసేది మట్టి లేని చోటు. పుల్లలు పెట్టే నోరు, మంట లేచే గూడు, గిన్నె చుట్టూ వదిలిన సందు, పొగ పోయే దారి. వీటిని పట్టి నిలబెట్టడమే మట్టి చేసే పని. ఎంత మట్టి వేశారో దూరం నుంచి చూసినా తెలుస్తుంది. ఎంత చోటు వదిలారో తెలియాలంటే మాత్రం వంగి, వేలు పెట్టి చూడాలి.

మూడు రాళ్లు పేర్చి మధ్యన మంట వేస్తే, కట్టెలో ఉన్న వేడిలో గిన్నెకు అందేది మామూలుగా 10 నుంచి 15 శాతం. గాలి కొట్టని మూల చూసుకుని, పుల్ల పుల్లా ఎగదోసుకుంటూ వండే చేతిలో అయితే ఇంకాస్త ఎక్కువ. మిగతాదంతా గాలికి, గోడలకు, వండే ఆవిడ ముఖానికి పోతుంది. కొంత భాగం మండకుండానే పోతుంది. ఎండు కట్టెను కాలిస్తే దాని బరువులో ముప్పాతిక వంతు దాకా ఆవిరిగా, వాయువుగా బయటికొస్తుంది. మనం మంట అనుకునేది ఆ వాయువు మండడాన్నే. అది పూర్తిగా మండాలంటే 600 డిగ్రీలకు పైన వేడి కావాలి, గాలి కావాలి, ఆ వాయువూ గాలీ కలవడానికి కాస్త చోటు కావాలి. ఈ మూడింటిలో ఏది తగ్గినా పొగ. పొగ అంటే కాలకుండా పోయిన కట్టే. మంట సగంలో ఉండగానే చల్లటి గిన్నె అడుగు తగిలితే అక్కడే ఆరిపోయి మసిగా అంటుకుంటుంది. అలాగని గిన్నెను మరీ పైకెత్తితే, మంట బాగానే మండుతుంది గానీ వేడి దారిలోనే చెదిరిపోతుంది. పొయ్యి కట్టే మనిషి ఈ రెండింటికీ మధ్య ఎత్తు పట్టుకోవాలి. ఆ ఎత్తును ఆమె జానెడున్నర అంటుంది.

ఈ విషయంలో మన హైదరాబాదుకు పాత చరిత్ర ఉంది. హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీస్‌లో డాక్టర్ ఎస్.పి. రాజు మట్టితో పొగగొట్టం పొయ్యిని రూపొందించారు. ఆ సంస్థ పేరులోని పొడి అక్షరాలతోనే అది 'హెర్ల్ చూలా' అయింది. ఒకే మంట మీద వరసగా గిన్నెలు, చివర పొగను ఇంటి బయటికి పంపే గొట్టం. దాని గురించి 'స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ద మిలియన్స్' అనే పుస్తకాన్ని ఆయన 1953లో మద్రాసు నుంచి తెచ్చారు. అప్పటికే వార్ధాలోని మగన్‌వాడిలో గాంధేయులు కట్టిన మగన్ చూలా కూడా ఉంది. ఆనకట్టలు, కాలువలు లెక్కగట్టే చోట ఒక ఇంజనీరు వంటింటి పొయ్యిని లెక్కలోకి తీసుకోవడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. మన సైన్సు చరిత్రలు రాసేవాళ్లు ఆయన పేరును తరచూ దాటేసి పోతారు. అది అన్యాయం.

ఇక మట్టి దగ్గరికి వద్దాం.

నల్లరేగడి ఒక్కటే పెట్టి కడితే పొయ్యి నెల తిరగకుండా నెర్రెలిస్తుంది. తడిస్తే ఉబ్బి, ఎండితే బిగుసుకునే నేల అది. ఉత్త ఎర్రమట్టిలో ఇసుక పాలు ఎక్కువైతే పట్టు ఉండదు, గోడ పొడిపొడిగా రాలుతుంది. చెరువు పూడిక మెత్తగా ఉంటుంది గానీ ఒంటరిగా నిలబడదు. అందరూ ఇష్టపడేది పుట్టమన్ను. చెదలు లోపలినుంచి సన్నటి బంకమట్టిని నోటితో మోసుకొచ్చి, తమ లాలాజలంతో అతికి పేరుస్తాయి. జల్లెడ పట్టి, పిసికి, ఆరబెట్టే పనిలో సగం అవే చేసి పెట్టాయన్నమాట. నాగులచవితికి పాలు పోసే పుట్ట జోలికి ఎవరూ పోరు. చేను గట్టున పాడుబడిన పుట్ట చూసుకుంటారు. ఈ ఇష్టం మన ఒక్కరిదే కాదు. ఉగాండాలో 'రాకెట్ లొరేనా' అనే మట్టిపొయ్యిని పల్లెల్లో కట్టించినప్పుడు అక్కడి ఆడవాళ్లు వాడిందీ పుట్టమన్నే, అందులో కలిపిందీ తరిగిన గడ్డే.

మట్టి పరీక్ష చూడముచ్చటగా ఉంటుంది. గుప్పెడు తడిమట్టి తీసుకుని అరచేతుల మధ్య వేలు మందం తాడులా పేనుతుంది. దాన్ని చూపుడువేలికి చుడుతుంది. వంపు దగ్గర చిట్లిందా, బంక తక్కువ, ఇంకాస్త పుట్టమన్ను పడాలి. చిట్లకుండా మెరుస్తూ చేతికి అంటుకుపోయిందా, బంక ఎక్కువ, ఇసుక పడాలి. అక్కడక్కడా సన్నటి గీతలు మాత్రమే పడితే సరిగ్గా ఉన్నట్టు. అయినా నమ్మదు. ఉండలు చేసి నీడలో ఆరబెట్టి, ఎండాక మోకాలి ఎత్తు నుంచి వదిలి చూస్తుంది. పగలని ఉండలో పాళ్లే పొయ్యికి.

ఆ పాళ్లకు తరిగిన వరిగడ్డి, ఊక, పేడ తోడవుతాయి. మట్టిని రాత్రంతా నానబెట్టి, తెల్లారి మడమతో తొక్కుతారు. గడ్డి పోచలు గోడను పట్టి ఉంచుతాయి, ఇది అందరికీ తెలిసిందే. ఊక చేసే పని మరొకటి ఉంది. మంట తగిలే లోపలి పొరలో ఊకను దండిగా కలుపుతారు. మొదటి మంటలకు ఆ ఊక కాలిపోయి, అది ఉన్న చోట సన్నటి గుల్ల మిగులుతుంది. ఆ గుల్లలో నిలిచిన గాలి వేడిని గోడలోకి పోనివ్వదు. గట్టిగా దట్టించిన మట్టి వేడిని తాగేస్తుంది, గుల్లబారిన మట్టి వేడిని ఆపుతుంది. ఈ తేడా పట్టుకోవడానికి పొయ్యిల శాస్త్రానికి చాలా ఏళ్లే పట్టింది.

ఎందుకంటే మధ్యలో ఒక పెద్ద పొరపాటు జరిగింది. 1976 ఫిబ్రవరిలో గ్వాటెమాలాలో భూకంపం వచ్చి ఇళ్లు కూలాక, అక్కడ మట్టి, ఇసుక కలిపి పెద్ద దిమ్మెగా పోసి, అందులో దారులు తొలిచే లొరేనా పొయ్యి పుట్టింది. చూడ్డానికి నిండుగా, బలంగా ఉండేది. ప్రపంచమంతా పాకింది. తీరా కొలిచి చూస్తే ఆ దిమ్మె వేడెక్కడానికే కట్టెలు తినేసేది. జాగ్రత్తగా నడిపిన మూడు రాళ్ల మంట కన్నా ఎక్కువ కట్టె ఖర్చు చేసిన సందర్భాలూ తేలాయి. పొగ బయటికి పోయేది, వండే ఆవిడకు ఆ మేలు దక్కేది, కట్టె మాత్రం మిగిలేది కాదు. ఆ పాఠంతోనే 1980లలో అమెరికాలోని అప్రొవెచో సంస్థలో లారీ వినియార్‌స్కీ రాకెట్ పొయ్యి సూత్రాలు కూర్చాడు. మంట గూడు చిన్నదిగా, నిలువుగా ఉండాలి. దాని గోడ తేలికగా, వేడి తాగనిదిగా ఉండాలి. నోటి దగ్గర ఎంత చోటు ఉందో దారి పొడుగునా అంతే ఉండాలి.

ఈ చివరి నియమం చెప్పడానికి ఒక్క ముక్క, చేయడానికి పూటంతా. నోరు బెత్తెడున్నర వెడల్పు, బెత్తెడున్నర ఎత్తు అనుకుందాం, అంటే 12 సెంటీమీటర్ల చదరం. లోపల 144 చదరపు సెంటీమీటర్ల చోటు. గూట్లో వేడిగాలి పైకి లేచి, గిన్నె అడుగుకు కొట్టుకుని, అంచుల దాకా పాకి, పక్కల వెంట పైకి పోతుంది. గిన్నె 26 సెంటీమీటర్లదైతే చుట్టుకొలత సుమారు 82. 144ను 82తో భాగిస్తే ఒకటిముప్పావు సెంటీమీటర్లు. గిన్నె చుట్టూ సందు అంతకు మించకూడదు. గిన్నె పెద్దదైతే సందు సన్నం కావాలి, చిన్నదైతే వెడల్పు కావాలి. ఆవిడ గిన్నెను ముందు అడిగింది ఇందుకే. బడికి వెళ్లని మనిషి ఈ భాగహారాన్ని చిటికెనవేలితో చేస్తుంది. గిన్నెను మూడు గడ్డల మీద కూర్చోబెట్టి, చుట్టూ గోడకూ గిన్నెకూ మధ్య చిటికెనవేలు దూర్చి తిప్పుతుంది. ఎక్కడ వేలు ఆగితే అక్కడ గీకుతుంది, ఎక్కడ వదులుగా ఆడితే అక్కడ ముద్ద అద్దుతుంది.

వేలితో కొలిచే పనిని నాటు లెక్క అనుకునేవాళ్లు ఒక సంగతి వినాలి. శామ్ బాల్డ్విన్ 1987లో రాసిన కట్టెపొయ్యిల గ్రంథంలో ఈ సందు లెక్క వేశాడు. 8 మిల్లీమీటర్ల సందు 10 అయితే చాలు, ఆ సందులో గిన్నె గోడకు దక్కే వేడి దాదాపు సగానికి పడిపోతుంది. తేడా రెండే రెండు మిల్లీమీటర్లు. మట్టితో, తడిచేత్తో, దీపం వెలుగులో ఆ హద్దుల్లో పని చేసే మనిషిని మనం 'పొయ్యిలు కట్టే ఆవిడ' అని ఊరుకుంటాం. ఇదే హద్దుల్లో ఇనుము కోసే మనిషినైతే ఫిట్టర్ అని పిలిచి జీతం ఇస్తాం.

కట్టే తీరు కూడా చెప్పాలి. ఉగాండా పద్ధతిలో అరటి బోదె ముక్కలు రెండు తీసుకుంటారు. ఒకటి పడుకోబెట్టి, దాని చివర రెండోది నిలబెట్టి, చుట్టూ మట్టి దట్టిస్తారు. మట్టి బిగిశాక బోదెను తొలిచి లాగేస్తే నున్నటి దారి మిగులుతుంది. అరటి తోటలున్న మన కోనసీమలో ఇంతకన్నా చవకైన అచ్చు దొరకదు. తోటలు లేని చోట పాత డబ్బారేకును గొట్టంలా చుట్టినా చాలు. మట్టిని ముద్దలుగా చేసి, పిడికిలితో గుద్ది గుద్ది అతకాలి. వరసకు వరసకు మధ్య ఆరనివ్వకూడదు. ఆరిన దాని మీద తడి ముద్ద కూర్చుంటుంది గానీ కలవదు, తొలి మంటకే ఆ గీత వెంట విడిపోతుంది. అందుకే మధ్యాహ్నం అన్నానికి పిలిచినా "కాసేపాగు వదినా, ఈ వరస ముగించనీ" అంటుంది.

నోట్లో ఒక అడ్డరేకు ఉంటుంది. ఇది లేని పొయ్యిని నేను మంచి పొయ్యి అనను. పుల్లలు రేకు పైన, గాలి రేకు కింద. రేకు లేకపోతే పుల్లలు నేలనంటి గాలిదారిని మూసేస్తాయి. అప్పుడు ఊదుగొట్టం చేతికొస్తుంది, కళ్లలో నీళ్లొస్తాయి. రేకు మీద పుల్లల కొసలు మాత్రమే కాలుతాయి, కాలినకొద్దీ లోపలికి తోసుకోవాలి. కందికట్టె, పత్తికట్టె, కొబ్బరిమట్ట చీలికలు, సర్కారు తుమ్మ కొమ్మలు దీనికి దివ్యంగా సరిపోతాయి. మొద్దులు పనికిరావు. మొద్దు పెట్టి వెళ్లి బట్టలు ఉతుక్కుని వచ్చే అలవాటున్న ఇంట్లో ఈ పొయ్యికి మొదటి వారమే చెడ్డపేరు వస్తుంది. చెప్పి కట్టాలి.

అంతా అయ్యాక నీడలో రెండు మూడు వారాలు ఆరాలి. తొందరపడి ఎండలో పెడితే పై పొర ముందు బిగిసి లోపలి తడి దాన్ని చీలుస్తుంది. ఆ తర్వాత పేడ, ఎర్రమన్ను కలిపి అలుకు. అంచున ముగ్గు గీత. మొదటి రోజు చిదుగులతో చిన్న మంట. అసలు సర్దుబాటు అప్పుడు మొదలవుతుంది. ఎసరు పెట్టి, నోటి దగ్గర కూర్చుని పొగను గమనిస్తుంది. పొగ నోటివైపు తన్నుకొస్తుంటే సందు మరీ బిగిసింది, కత్తితో ఒక పిసరు గీకుతుంది. మంట గిన్నె అంచు దాటి పైకి నాలుకలు చాస్తుంటే సందు వదులైంది, తడిగుడ్డతో గోడ తడిపి పల్చగా ముద్ద రాస్తుంది. మళ్లీ ఎసరు, మళ్లీ చూపు.

ఇంత చెప్పాక దీని హద్దులూ చెప్పాలి. ఎంత గుల్లబరిచినా మట్టిగోడ కొంత వేడి తాగుతుంది. రెండు గ్లాసుల టీ కోసం దీన్ని వెలిగించడం దండగ. అన్నం, పప్పు, ఆపైన నీళ్లు అంటూ వరసగా వండే పూట దీని విలువ తెలుస్తుంది. వాన జల్లు కొట్టే వరండా దీనికి చేటు. అన్నం పొంగి గంజి సందులోకి జారితే మెత్తబడిన గోడ నెమ్మదిగా అరుగుతుంది. ఇక ఊపిరితిత్తుల సంగతికొస్తే, గ్యాసు ముందు ఏ కట్టెపొయ్యీ నిలవదు. ఇళ్లలో వంట పొగ వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం, దేశమంతటా 2016లో ఉజ్వల వచ్చి ఆడవాళ్లకు చేసిన మేలును తక్కువ చేసి మాట్లాడేవాళ్లను నేను నమ్మను. అయినా పెరట్లో కట్టెపొయ్యి ఆరలేదు. స్నానాల నీళ్లకు, ఎడ్లకు ఉలవలు ఉడకబెట్టడానికి, పండగ పిండివంటలకు, సిలిండర్ అయిపోయి డబ్బు చేతిలో లేని రోజులకు అదే దిక్కు. ఎలాగూ వెలిగే పొయ్యి అయినప్పుడు అది మంచిదై ఉండాలి.

మరి దేశంలో ఇన్ని పొయ్యిలు కట్టించారు కదా, ఏమయ్యాయి? 1983లో మొదలైన జాతీయ మెరుగైన చూలాల కార్యక్రమం 2002 నాటికి ఆగేసరికి దాదాపు మూడున్నర కోట్ల పొయ్యిలు లెక్కల్లోకెక్కాయి. లెక్క నిండింది, సందు తప్పింది. రోజుకు ఇన్ని అని కట్టుకుంటూ పోయిన చేతులు గిన్నె కొలవలేదు. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో, ఎ.కె.ఎన్. రెడ్డి 1974లో మొదలుపెట్టిన ఆస్త్ర బృందం దీనికి మంచి ఉపాయమే పట్టింది. కె.ఎస్. జగదీష్ తదితరులు తయారుచేసిన మూడు గిన్నెల 'ఆస్త్ర ఒలె' అనే పొయ్యికి ఇనుప అచ్చులు చేశారు. అచ్చు చుట్టూ మట్టి దట్టించి తీసేస్తే కొలత తప్పదు. గిన్నెలు పొయ్యి మీద కాకుండా పొయ్యిలోకి దిగి కూర్చునేవి. ప్రయోగశాలలో దాని సామర్థ్యం 40 శాతం దాటింది. ఇంజనీరింగ్‌గా చూస్తే మన దేశంలో మట్టితో అంతకన్నా పదునైన పని నాకు కనబడలేదు.

కానీ అచ్చు మొదటి రోజును మాత్రమే కాపాడుతుంది. శ్రీకాకుళం దాటగానే వచ్చే గంజాం జిల్లా పల్లెల్లో గ్రామ్ వికాస్ సంస్థ కట్టించిన పొగగొట్టం మట్టిపొయ్యిలను ఎస్తేర్ డుఫ్లో, మైఖేల్ గ్రీన్‌స్టోన్, రేమా హన్నా నాలుగేళ్ల దాకా గమనించారు. 44 ఊళ్లు, 2,600 దాకా ఇళ్లు. 2016లో అచ్చయిన ఆ పరిశోధన తేల్చింది ఇది: మొదటి ఏడాది వండేవాళ్లు పీల్చే పొగ తగ్గింది, ఆ తర్వాత ఆ తేడా కనిపించకుండా పోయింది. పొయ్యిలు పగిలాయి, గొట్టాలు పూడుకున్నాయి, బాగుచేసుకునే అలవాటు కుదరలేదు, వాడకం తగ్గింది. దీన్ని చూపి మట్టిపొయ్యిలు దండగ అన్నవాళ్లున్నారు. నాకు అది మట్టి మీద తీర్పులా కనిపించదు. రెండు మిల్లీమీటర్ల మీద ఆధారపడిన వస్తువును కట్టి, మళ్లీ దాని ముఖం చూసే మనిషిని ఏర్పాటు చేయకపోవడం మీద తీర్పు అది. పాత మూడు గడ్డల పొయ్యి చెడిపోతే ఇంటావిడే వారానికోసారి అలికి సరిచేసుకునేది. దానికి కొలత అవసరం లేదు. ఈ కొత్త పొయ్యికి కొలత కావాలి. ఆ కొలత ఆమె చేతికి నేర్పకుండా మేస్త్రి చేతుల్లోనే ఉంచితే పొయ్యి ఏడాదికి మించి బతకదు.

కాబట్టి మీ పెరట్లో ఇలాంటి పొయ్యి ఉంటే, గిన్నె మారినప్పుడల్లా చుట్టూ చిటికెనవేలు తిప్పి చూడండి, గొట్టం ఉంటే నెలకోసారైనా మసి దులపండి. కట్టించే సంఘాలకు, పంచాయతీలకు ఒక మనవి. పొయ్యి లేచిన రోజునే కూలి మొత్తం ఇచ్చేసి ఫొటో తీసుకుని వెళ్లిపోకండి. సగం ఆ రోజు ఇవ్వండి. మిగతా సగం, కట్టిన ఆవిడ వానలు వెలిశాక మళ్లీ వచ్చి, అరిగిన సందు సరిచేసి, ఆ పని ఇంటావిడకు నేర్పిన రోజున ఇవ్వండి. రెండోసారి రావడానికి బస్సు ఖర్చు కూడా అందులో కలపండి.